నానో ఎడిటర్‌ని మన చేతికి తగ్గట్టు సర్దుకునేది ఎట్ల

మామిడికాయల సీజన్ వస్తే మా మామ మండీకి రేట్లు ఎక్కించే పని నాది. మండీ ఏమో దామలచెరువులో, నేనుండేది తిరుపతి బైరాగిపట్టెడలో, సర్వర్ ఇంకెక్కడో, నెలకింత అని అద్దె కట్టే చిన్న ఉబుంటు (లినక్స్) మిషన్. అందులో బిల్లింగ్ స్క్రిప్ట్ ఒకటి ఉండాది, దానికి రేట్ల ఫైల్ ఒకటి. రేటు మారినప్పుడల్లా ఎస్ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచే కమాండ్లు కొట్టే దారిలో, లోపలికి పోయి ఆ ఫైల్ తెరిచి నంబర్ మార్చి సేవ్ చేసేదే పని, రోజుకి పది సార్లు గూడా అయితాది, కొన్నిసార్లు లాప్‌టాప్‌లో, కొన్నిసార్లు బస్సులో నిలబడి ఫోన్‌లో. ఇంత పనికి విమ్ అనే ఎడిటర్ నేర్చుకోమని ఫ్రెండ్సు చెప్తానే ఉంటారు, నేర్చుకుంటే మంచిదే, నేను మాత్రం టెర్మినల్‌లోనే తెరుచుకునే చిన్న ఎడిటర్ నానోతోనే నెట్టుకొస్తాండా. అయితే నానోని ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎట్లుంటాదో అట్లనే వాడితే నిజంగానే చిరాకు. రవంత సెట్టింగులు మార్చుకుంటే అదే ఎడిటర్ వేరేగా ఉంటాది. ఆ సెట్టింగులే ఇక్కడ చెప్తా, ఏది ఎందుకు పెట్టానో గూడా చెప్తా, ఎందుకంటే ఎందుకో తెలియకుండా ఇంకొకరి ఫైల్ మొత్తం కాపీ కొట్టుకుంటే అది ఏదో ఒక రోజు మన మీదికే తిరుగుతాది, నాకు తిరిగింది.

ముందే ఒక మాట. కమాండ్లన్నీ పలికేటట్టు తెలుగు అక్షరాల్లోనే రాస్తాండా, మీరు కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాలు కొట్టాల. నేను కలిపి రాసిన మాట కలిపే కొట్టాల, మధ్యలో స్పేస్ పెడితే పనిచేయదు. స్పెల్లింగ్ డౌట్ వస్తే భయం లేదు, అన్ని సెట్టింగుల పేర్లూ మీ మిషన్‌లోనే ఒక ఫైల్‌లో రాసిపెట్టి ఉంటాయి, అది యాడుందో ఇప్పుడే చెప్తా.

మొదట వర్షన్ చూసుకోండి:

నానో --వర్షన్

ఇది వదిలేసి నేరుగా సెట్టింగులకి పోతే తర్వాత తల పట్టుకోవాల్సి వస్తాది, ఎందుకంటే కొన్ని సెట్టింగులు 5 దాటిన వర్షన్లలోనే ఉంటాయి. ఉబుంటు 20.04లో 4.8, 22.04లో 6.2, 24.04లో 7.2 వస్తాది. మ్యాక్ వాడేవాళ్లకి ఇంకో తిరకాసు ఉండాది, కొత్త మ్యాక్‌లలో నానో అని కొడితే తెరుచుకునేది నానో కాదు, పికో. నానో పుట్టిందే పికోకి నకలుగా, వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్ల పైన్ మెయిల్ ప్రోగ్రాంలో పికో అని ఎడిటర్ ఉండేది, దాని లైసెన్స్ గొడవ లేకుండా అట్లాంటిదే ఇంకోటి కావాలని క్రిస్ అలెగ్రెట్టా 1999లో టిప్ అనే పేరుతో మొదలుపెట్టాడు, యునిక్స్‌లో ఆ పేరుతో ముందే ఒక ప్రోగ్రాం ఉండాదని 2000లో నానో అని మార్చాడు. ఇప్పుడు మ్యాక్‌లో ఆ ముసలి పికోనే నానో పేరు పెట్టుకుని కూర్చోనుండాది, కింద చెప్పే సెట్టింగులు దానికి ఎక్కవు. బ్రూ అనే ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాంతో అసలు నానో ఇన్‌స్టాల్ చేసుకుని రండి.

ఇప్పుడు ఫైల్ సంగతి. మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ నానోఆర్‌సీ అని ఒక ఫైల్ ఉండాల, లేకపోతే మనమే చేసుకోవాల. నానో పక్కనే ఆర్, సీ అక్షరాలు, అన్నిటికీ ముందు చుక్క, అంతే.

నానో ~/.నానోఆర్‌సీ

ఖాళీ ఫైల్ తెరుచుకుంటాది. ఇంకో టెర్మినల్‌లో /ఈటీసీ/నానోఆర్‌సీ అనే ఫైల్ తెరవండి, నేను పైన చెప్పింది ఇదే. మిషన్ మొత్తానికి ఉండే ఫైల్ అది, ఉబుంటు, డెబియన్‌లలో దాదాపు ప్రతి సెట్టింగూ అందులో రాసి, ముందర హ్యాష్ పెట్టి ఆపేసి ఉంటారు, పైన రెండు హ్యాష్‌లతో అది ఏం చేస్తాదో వివరం గూడా ఉంటాది. దాన్ని డిక్షనరీ మాదిరి వాడుకోండి, కంట్రోల్ డబ్ల్యూ కొట్టి వెతికి, కావాల్సిన లైన్‌ని హ్యాష్ తీసేసి మీ ఫైల్‌లో పెట్టుకోండి. మొత్తం ఫైల్‌ని కాపీ చేసి హోమ్‌లో పడేసేవాళ్లు ఉంటారు, నాకు నచ్చదు, మూడొందల లైన్లలో మీరు మార్చింది ఏదో మీకే కనపడదు. ఇంకా వివరం కావాలంటే మ్యాన్ నానోఆర్‌సీ అని కొట్టండి.

మార్చి సేవ్ చేసినంత మాత్రాన ఏమీ కాదు, నానోని మూసి మళ్లీ తెరిస్తేనే కొత్త సెట్టింగు ఎక్కుతాది. స్పెల్లింగ్ తప్పు కొడితే తెరిచేటప్పుడే ఫలానా ఫైల్‌లో తప్పులుండాయి అని ఒక లైన్ చూపిస్తాది, ఏ లైన్ నంబర్‌లో ఏం తప్పో గూడా చెప్తాది. అసలుకే మొండికేస్తే నానో -పెద్ద ఐ అని కొట్టి తెరవండి, అప్పుడు ఏ సెట్టింగు ఫైలూ చదవకుండా పుట్టినప్పటి మాదిరి తెరుచుకుంటాది, తప్పు దిద్దుకోవచ్చు.

మొట్టమొదట పెట్టాల్సింది ట్యాబ్ సెట్టింగు. దీనికి ఒక కథ ఉండాది.

రేట్ల ఫైల్ యామల్ ఫైల్, అంటే లోపలికి జరిపిన దాన్ని బట్టి ఏది దేని కిందిదో తెలిసే రకం ఫైల్. తోతాపురి అని ఒక లైను, దాని కింద లోపలికి జరిపి మొదటి రకం ఇంత, రెండో రకం ఇంత, మళ్లీ బేనీషా, దాని కింద అట్లనే, నీలం, మల్లిక. యామల్‌లో లోపలికి జరిపేది స్పేసులతోనే జరపాల, ట్యాబ్ ఒప్పుకోదు, అది దాని రూల్. ఒకరోజు పొద్దున్నే కొత్తగా ఒక రకం చేర్చమని మామ ఫోన్, నేను నిద్రమొహంతోనే ఫైల్ తెరిచి, లైన్ కొట్టి, జరపడానికి ట్యాబ్ నొక్కేసినా. స్క్రీన్ మీద చూస్తే పైన లైన్లకంటే రవంత ఎక్కువ లోపలికి పోయింది, సరే అని వెనక్కి జరిపి సర్దినా, చూడ్డానికి వరసగానే కనపడింది, అందులో ట్యాబ్ ఒకటి మిగిలిపోయిన సంగతి కంటికి తెలియదు కదా. సేవ్ చేసి, స్నానానికి పోయినా. స్క్రిప్ట్ ఫైల్ చదవలేక పడిపోయింది, పడిపోయినట్టు లాగ్‌లో రాసింది, ఆ లాగ్ చూసేవాడు స్నానంలో ఉన్నాడు.

"ఏం అల్లుడా, బిల్లు రాలేదంటాండారు, లోడు దించి రైతులు నిలబడుండారు."

"ఉండు మామా, రెండు నిమిషాలు."

రెండు నిమిషాలు కాదు, మధ్యాన్నం దాకా అయింది. అంతసేపు రేట్లు, నెట్‌వర్క్, డేటాబేస్ అన్నీ చూసినా, ఆఖరికి ఒక్క ట్యాబ్. మామ ఆ రోజు బిల్లులన్నీ చేత్తో రాయించాడు, ఇప్పటికీ ఎప్పుడైనా కంప్యూటర్ మాట వస్తే ఆ రోజు ఎత్తుతాడు.

అందుకని:

సెట్ ట్యాబ్‌సైజ్ 2
సెట్ ట్యాబ్స్‌టుస్పేసెస్
సెట్ ఆటోఇండెంట్

మొదటిది ట్యాబ్ ఎంత వెడల్పో చెప్తాది, ఏమీ పెట్టకపోతే 8, మరీ ఎక్కువ. నేను యామల్ కోసం 2 పెట్టినా, పైథాన్ రాసేవాళ్లు 4 పెట్టుకోండి. రెండోది అసలు మందు, ట్యాబ్ నొక్కితే ట్యాబ్ బదులు స్పేసులే పడతాయి. మూడోది ఎంటర్ కొడితే పై లైన్ ఎంత లోపల ఉంటే కింద లైన్ గూడా అంతే లోపల మొదలయ్యేటట్టు చేస్తాది. దీంతో ఒక ఇబ్బంది ఉండాది, పాత వర్షన్లలో ఇంకెక్కడి నుంచో కోడ్ తెచ్చి పేస్ట్ చేస్తే ప్రతి లైనూ ముందు లైన్ కంటే ఇంకా లోపలికి, ఇంకా లోపలికి, అలిపిరి మెట్లెక్కినట్టు పోతానే ఉంటాది. 3550 మెట్లు దాకా పోదులే గానీ స్క్రీన్ దాటిపోతాది. అప్పుడు ఆల్ట్ ఐ కొడితే ఆటోఇండెంట్ ఆగుతాది, పేస్ట్ చేసి మళ్లీ ఆల్ట్ ఐ.

ఇవి కొత్తగా కొట్టే ట్యాబ్‌లకే, ఫైల్‌లో ఇప్పటికే ఉన్న పాత ట్యాబ్‌లు అట్లనే ఉంటాయి. వాటిని కనిపెట్టడానికి:

సెట్ వైట్‌స్పేస్ "»·"

దీని తర్వాత ఆల్ట్ పీ కొడితే ప్రతి ట్యాబూ రెండు బాణం మూతులు కలిసిన గుర్తుతో, ప్రతి స్పేసూ చుక్కతో కనపడతాది, మళ్లీ కొడితే పోతాది. ఆ రోజు నాకు ఇది తెలిసుంటే స్నానం అయినాక ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ఇప్పుడు సీజన్‌లో రేట్ల ఫైల్ తెరిస్తే మూసే ముందు ఒకసారి ఆల్ట్ పీ, చేతికి అలవాటైపోయింది. ఫైల్ నిండా ట్యాబ్‌లే ఉంటే ఒక్కొక్కటీ తీసేంత ఓపిక ఎవరికుంటాది, షెల్‌లో ఎక్స్‌పాండ్ అనే కమాండ్ ఉండాది, ఎక్స్‌పాండ్ -టీ 2 పాతఫైల్ > కొత్తఫైల్ అంటే అన్నీ స్పేసులైపోతాయి. పాత పేరూ కొత్త పేరూ ఒకటే పెట్టొద్దు, ఫైల్ ఖాళీ అయిపోతాది.

ఇంకో పక్క మేక్‌ఫైల్ (మేక్ అనే కమాండ్ చదివే ఫైల్) రాసేవాళ్లకి కథ తిరగబడుతాది, దానికి ట్యాబే కావాల, స్పేసులు పెడితే తిడతాది. అట్లాంటి వాళ్లు ట్యాబ్స్‌టుస్పేసెస్ అన్ని ఫైళ్లకీ పెట్టకుండా, ఏ భాషకి కావాలో దానికే చెప్పొచ్చు:

ఇన్‌క్లూడ్ "/యూఎస్ఆర్/షేర్/నానో/*.నానోఆర్‌సీ"
ఎక్స్‌టెండ్‌సింటాక్స్ పైథాన్ ట్యాబ్‌గివ్స్ "    "

ఆ కోట్స్ మధ్యలో ఉండేది నాలుగు స్పేసులు. ఈ రెండో లైన్ ఇన్‌క్లూడ్ లైన్ తర్వాతే రావాల, ముందు పెడితే పైథాన్ అంటే ఎవరో దానికి తెలియదు. ఇన్‌క్లూడ్ లైన్ ఎట్లాగూ ఉంచుకోండి, భాషని బట్టి రంగులు పడేది దాని వల్లే, ఉబుంటులో /ఈటీసీ ఫైల్‌లో ముందే తెరిచి ఉంటాది.

తర్వాతిది పొడుగు లైన్లు. నానో 4.0 కంటే ముందు వర్షన్లలో ఒక దరిద్రపు అలవాటు ఉండేది, పొడుగు లైన్‌లో ఏదైనా కొడితే స్క్రీన్ అంచుకి వచ్చేసరికి తనే ఎంటర్ కొట్టి లైన్‌ని నిజంగా రెండు ముక్కలు చేసేది. ఉత్తరం రాసేవాడికి బాగుంటాది గానీ, క్రాన్‌ట్యాబ్‌లో, అంటే ఏ టైముకి ఏ పని చేయాలో రాసిపెట్టే ఫైల్‌లో, ఒక పని ఒక్క లైన్‌లోనే ఉండాల, రెండు ముక్కలైతే ఆ పని చచ్చిపోయినట్టే. 4.0 నుంచి ఆ పని మానేసింది, కావాలంటే సెట్ బ్రేక్‌లాంగ్‌లైన్స్ అని మనమే అడగాల, అడగొద్దు. ఇంకా పాత సర్వర్ మీద ఉంటే సెట్ నోర్యాప్ పెట్టుకోండి. అడగాల్సింది ఇదీ:

సెట్ సాఫ్ట్‌ర్యాప్
సెట్ అట్‌బ్లాంక్స్

సాఫ్ట్‌ర్యాప్ లైన్‌ని మడిచి చూపిస్తాది అంతే, ఫైల్‌లో లైన్ ఒక్కటిగానే ఉంటాది. అట్‌బ్లాంక్స్ పెడితే మాట మధ్యలో కాకుండా స్పేస్ దగ్గర మడుస్తాది. సాఫ్ట్‌ర్యాప్ లేకపోతే పొడుగు లైన్ చివర్లో డాలర్ మాదిరి గుర్తో బాణం గుర్తో పెట్టి మిగిలింది దాచేస్తాది, ఫోన్‌లో చూసేవాడికి అది నరకం.

లైన్ నంబర్ల గురించి జాస్తి చెప్పేదేం లేదు. సెట్ లైన్‌నంబర్స్ అంటే ఎడమ పక్క నంబర్లు వస్తాయి, సెట్ కాన్‌స్టంట్‌షో అంటే కర్సర్ ఏ లైన్‌లో ఏ కాలమ్‌లో ఉండాదో కింద చూపిస్తానే ఉంటాది. నేను రెండోదే పెట్టుకుంటా. నంబర్లు పెట్టుకుంటే మౌస్‌తో సెలెక్ట్ చేసి కాపీ కొట్టేటప్పుడు అవి గూడా కాపీలోకి వచ్చేస్తాయి, ఒకసారి వాట్సాప్‌లో ఒకాయనకి కాన్ఫిగ్ పంపితే నంబర్లతో సహా పేస్ట్ చేసుకుని పనిచేయడం లేదని ఫోన్ చేసినాడు. అవసరమైనప్పుడు ఆల్ట్ ఎన్ కొడితే వస్తాయి, పోతాయి. ఎర్రర్‌లో 45వ లైన్ అని చెప్తే నానో +45 ఫైల్‌పేరు అని తెరవండి, నేరుగా అక్కడికే పోతాది.

సెట్ పొజిషన్‌లాగ్, సెట్ హిస్టరీలాగ్, ఈ రెండూ గమ్మున పెట్టేసుకోండి. మొదటిది ఫైల్ మూసినప్పుడు కర్సర్ యాడుండాదో గుర్తుపెట్టుకుంటాది, కొత్తగా తెరిచిన 200 ఫైళ్ల దాకా. రెండోది వెతికిన మాటలు గుర్తుపెట్టుకుంటాది. రేట్ల ఫైల్ తెరిస్తే నిన్న తోతాపురి దగ్గర ఆపినా కాబట్టి ఈరోజు తోతాపురి దగ్గరే తెరుచుకుంటాది, బస్సులో ఉన్నోడికి ఇది ఎంత పెద్ద సుఖమో.

ఇప్పుడు బ్యాకప్. సెట్ బ్యాకప్ అని పెడితే సేవ్ చేసేటప్పుడు పాత కాపీని అదే ఫోల్డర్‌లో, పేరు చివర తోక గుర్తు (~) తగిలించి దాస్తాది. వినడానికి బాగుంది కదా, ఇక్కడే నాకు తిరిగింది. పైన చెప్పినా కదా ఇంకొకరి ఫైల్ కాపీ కొట్టుకున్నా అని, అందులో ఈ లైన్ ఉండింది, నేను చూసుకోలేదు. ఇంజినెక్స్ వెబ్ సర్వర్‌కి సైట్స్-ఎనేబుల్డ్ అని ఒక ఫోల్డర్ ఉంటాది, అందులో ఉన్న ప్రతి ఫైలూ చదివేయమని ఉబుంటులో రాసి ఉంటాది. నేను అందులోకే పోయి నేరుగా ఫైల్ మార్చినా, నానో నిజాయితీగా తోక ఫైల్ ఒకటి పక్కన పెట్టింది, ఇంజినెక్స్ ఆ తోక ఫైల్‌ని గూడా ఇంకో సైటు అనుకుని చదివింది. పాత సెట్టింగూ కొత్త సెట్టింగూ రెండూ ఉండేసరికి, నేను మార్చింది ఎంతకీ రాదు. బ్రౌజర్ క్యాష్ తుడుస్తా, ఇంకో ఫోన్‌లో చూస్తా, రాదు. ఎల్ఎస్ కొట్టి చూస్తే అక్కడ కూర్చోనుండాది తోక.

కాబట్టి బ్యాకప్ పెట్టుకుంటే దానికి వేరే ఇల్లు చూపించాల:

సెట్ బ్యాకప్
సెట్ బ్యాకప్‌డిర్ "/హోమ్/మీపేరు/.నానోబ్యాకప్"

ఆ ఫోల్డర్‌ని ఎంకేడిర్ కమాండ్‌తో ముందే చేసిపెట్టండి, లేని ఫోల్డర్ పేరు ఇస్తే నానో ఒప్పుకోదు. ఇట్ల పెడితే ఇంకో లాభం ఉండాది, సేవ్ చేసిన ప్రతిసారీ పాతదాని మీద రాయకుండా వరస నంబర్లతో కొత్త కాపీ చేస్తాది, పేరులో ఫైల్ దారి మొత్తం ఉంటాది, స్లాష్‌ల బదులు ఆశ్చర్యార్థకాలు ఉంటాయి, చూడ్డానికి ఎవరో అరుస్తాన్నట్టు ఉంటాది గానీ ఏ ఫైల్‌దో ఇట్టే తెలుస్తాది. నిన్న పొద్దున తోతాపురి ఎంత అని మామ అడిగితే ఇందులోంచే చెప్పేది. ఫోల్డర్ పెరగతానే ఉంటాది కాబట్టి నెలకోసారి ఫైండ్ కమాండ్‌తో -ఎంటైమ్ +30 పెట్టి పాతవి తీసేస్తాంటా. సరుకు రహస్యం అయితే, అంటే పాస్‌వర్డులు ఉండే ఫైళ్లు అయితే, వాటి కాపీలు గూడా అక్కడే పడుంటాయని మర్చిపోవద్దు.

ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుని, పీకేజీ ఇన్‌స్టాల్ నానో అంటే వస్తాది. కంట్రోల్ కీ లేదని కంగారొద్దు, వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని అక్షరం నొక్కితే అదే కంట్రోల్. అసలు కష్టం స్థలం. కీబోర్డు పైకి లేస్తే మిగిలేది అరచేయంత స్క్రీన్, అందులో పైన టైటిల్ ఒక లైను, కింద హెల్ప్ రెండు లైన్లు, స్టేటస్ ఒకటి, మనకి మిగిలేది నాలుగైదు లైన్లు. తోతాపురి కనపడితే బేనీషా కనపడదు.

సెట్ నోహెల్ప్
సెట్ మినీబార్

నోహెల్ప్ కింద రెండు లైన్లు తీసేస్తాది, కావాలంటే ఆల్ట్ ఎక్స్‌తో మళ్లీ వస్తాయి. మినీబార్ పైన టైటిల్ తీసేసి ఫైల్ పేరూ కర్సర్ ఉన్న చోటూ కిందనే ఒక్క లైన్‌లో సర్దుతాది, ఇది 5.5 నుంచే ఉండాది. మొత్తం మూడు లైన్లు మిగిలినాయి, ఫోన్‌లో మూడు లైన్లంటే మాటలా. అయితే నానో కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం నోహెల్ప్ పెట్టొద్దు, ఆ కింద లైన్లు చూసుకునే కదా అందరం నేర్చుకున్నాం. గుర్తు ^ అంటే కంట్రోల్, ఎమ్ గీత అంటే ఆల్ట్, అది తెలిస్తే చాలు.

మౌస్ సెట్టింగు, సెట్ మౌస్, పెట్టి తీసేసినా. క్లిక్ చేసిన చోటికి కర్సర్ వస్తాది నిజమే, కానీ టెర్మినల్‌లో మామూలుగా లాగి కాపీ కొట్టుకునేది పోతాది, షిఫ్ట్ పట్టుకుని లాగాల్సి వస్తాది.

ఇక కీలు. చాలామంది అడిగేది ఇదే, కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి పోవాల, కంట్రోల్ సీ అంటే కాపీ అవ్వాల, నానోలో ఇవేవీ ఇట్లుండవు. వెనక్కి పోయేది ఆల్ట్ యూ, మళ్లీ ముందుకి ఆల్ట్ ఈ, లైన్ కట్ చేసేది కంట్రోల్ కే, పేస్ట్ కంట్రోల్ యూ, కాపీ ఆల్ట్ 6. మార్చుకోవాలంటే బైండ్ అనే మాట ఉండాది:

బైండ్ ^జెడ్ అన్‌డూ మెయిన్
బైండ్ ^వై రీడూ మెయిన్

మూడు ముక్కలు, ఏ కీ, ఏం పని, యాడ పనిచేయాల. మెయిన్ అంటే ఫైల్ ఎడిట్ చేసే చోట, ఆల్ అంటే వెతికే చోటు, హెల్ప్ చోటు గూడా కలిపి అన్నిచోట్లా. 8.0 వర్షన్ నుంచి అయితే నానో --మోడర్న్‌బైండింగ్స్ అని తెరిస్తే కాపీ, కట్, పేస్ట్, సేవ్ అన్నీ మామూలు ఎడిటర్ల మాదిరే అయిపోతాయి, ఒక్క లైన్ గూడా రాయాల్సిన పనిలేదు.

నేను మాత్రం పై రెండే పెట్టుకుని ఆపేసినా. మొదట్లో కంట్రోల్ ఎక్స్‌ని కట్‌కి మార్చుకున్నా, నా మిషన్‌లో బ్రహ్మాండం. ఇంకొకరి సర్వర్‌లోకి పోయి అలవాటు కొద్దీ కట్ చేద్దామని కంట్రోల్ ఎక్స్ కొడితే అక్కడ అది బయటికి పోయే కీ, సేవ్ చేయాలా వద్దా అని అడుగుతాది, చెయ్యి ఆగకుండా ఎన్ కొట్టేసినా, అరగంట రాసింది పోయింది. అందరి మిషన్లలో ఉండే కీలని మన ఒక్క మిషన్‌లో మార్చేటప్పుడు రవంత ఆలోచించుకోండి. కంట్రోల్ జెడ్ మారిస్తే పరవాలేదు, ఇంకో చోట కొట్టినా పని పాడు చేయదు.

రంగుల గురించి ఒక్కటే చెప్తా, కానీ ఇది మాత్రం ఎట్లాగైనా పెట్టుకోండి. సుడో నానో అని, అంటే మిషన్ మొత్తం మీద అధికారం ఉండే రూట్ యూజర్‌గా, తెరిచి, నా సెట్టింగులన్నీ పోయినాయి, ట్యాబ్‌లు మళ్లీ ట్యాబ్‌లే పడతాండాయి అని తికమకపడేవాళ్లు జాస్తి. పోలేదు, సుడోతో తెరిస్తే అది రూట్ యూజర్ ఇల్లు, రూట్‌కి వేరే నానోఆర్‌సీ, మీ ఫైల్ దానికి కనపడదు. రూట్‌కి గూడా ఒక ఫైల్ పెట్టండి, /రూట్/.నానోఆర్‌సీ, అందులో మీ లైన్లతో పాటు ఇది:

సెట్ టైటిల్‌కలర్ బోల్డ్,వైట్,రెడ్

ఇప్పుడు రూట్‌గా ఫైల్ తెరిస్తే పట్టీ ఎర్రగా ఉంటాది, మినీబార్ పెట్టుకున్నా సరే వేరే రంగు చెప్పకపోతే అదే ఎరుపు తీసుకుంటాది. నాకు రెండు మూడు విండోలు తెరిచి ఉంటాయి, ఎర్రది కనపడితే చెయ్యి దానంతటదే నెమ్మదిస్తాది. బోల్డ్ అనే మాట పాత వర్షన్‌లో ఒప్పుకోకపోతే అది తీసేసి వైట్,రెడ్ అని పెట్టండి.

ఇంకా మంచి పద్ధతి ఏమంటే సుడో నానో మానేసి సుడోఎడిట్ ఫైల్‌పేరు అని కొట్టేది. అది ఫైల్‌ని తాత్కాలికంగా కాపీ తీసి మీ పేరు మీదే మీ సెట్టింగులతోనే తెరుస్తాది, మూసినాక అసలు చోట పెడతాది. దానికి నానోనే వాడమని చెప్పాలంటే మీ హోమ్ ఫోల్డర్‌లో ఉండే డాట్ బాష్ఆర్‌సీ ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ ఎడిటర్=నానో అని ఒక లైన్, ఇందులో ఎడిటర్ అనే మాట మాత్రం పెద్ద అక్షరాల్లో. ఈ ఒక్క లైన్‌తో క్రాన్‌ట్యాబ్ గూడా నానోలో తెరుచుకుంటాది, గిట్ కమిట్ మెసేజ్ గూడా, విమ్‌లో ఇరుక్కుని బయటికి రాలేక విండో మూసేసే బాధ తప్పుతాది.

తెలుగులో రాయొచ్చా అంటే రాయొచ్చు. నానోకి యూటీఎఫ్-8, అంటే తెలుగు గూడా రాసుకోగలిగే అక్షరాల కోడ్, బాగానే వస్తాది, లొకేల్ అని కొట్టి చూస్తే యూటీఎఫ్-8 అని ఉండాల, అంతే. కానీ వత్తులు వచ్చిన చోట కర్సర్ ఒక పక్క, అక్షరం ఒక పక్క ఉంటాది, బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం ముక్కముక్కగా ఊడుతాది. అది నానో తప్పు కాదు, టెర్మినల్ ప్రతి అక్షరానికీ గళ్ల లెక్కన చోటు కేటాయిస్తాది, మన వత్తులు ఆ గళ్లలో ఒదగవు, ఒక టెర్మినల్‌లో నయం, ఇంకోదాంట్లో మరీ ఘోరం. దీనికి నానోఆర్‌సీలో సెట్టింగు లేదు. నేను రకాల పేర్లు మాత్రం తెలుగులో పెట్టుకుని, ఒకసారి పెట్టినాక వాటి జోలికి పోకుండా పక్కన నంబర్లే మారుస్తాంటా.

నా ఫైల్ ఇప్పుడు ఇట్లుండాది:

ఇన్‌క్లూడ్ "/యూఎస్ఆర్/షేర్/నానో/*.నానోఆర్‌సీ"
సెట్ ట్యాబ్‌సైజ్ 2
సెట్ ట్యాబ్స్‌టుస్పేసెస్
సెట్ ఆటోఇండెంట్
సెట్ వైట్‌స్పేస్ "»·"
సెట్ సాఫ్ట్‌ర్యాప్
సెట్ అట్‌బ్లాంక్స్
సెట్ కాన్‌స్టంట్‌షో
సెట్ పొజిషన్‌లాగ్
సెట్ హిస్టరీలాగ్
సెట్ బ్యాకప్
సెట్ బ్యాకప్‌డిర్ "/హోమ్/మీపేరు/.నానోబ్యాకప్"
సెట్ నోహెల్ప్
సెట్ మినీబార్
బైండ్ ^జెడ్ అన్‌డూ మెయిన్
బైండ్ ^వై రీడూ మెయిన్

దీన్నంతా ఒకేసారి పెట్టుకోమాకండి. ట్యాబ్ మూడు లైన్లతో మొదలుపెట్టి వారం వాడి, చిరాకు పెట్టేది ఏదో చూసుకుని దానికి తగిన లైన్ చేర్చుకోండి. ఫైల్‌ని ఎస్‌సీపీ అనే కాపీ కమాండ్‌తో ఇంకో సర్వర్‌కి పంపేటప్పుడు మూడు చూసుకోవాల. అక్కడ నానో పాతదైతే మినీబార్ అంటే తెలియదని తెరిచిన ప్రతిసారీ సణుగుతాది, ఆ లైన్ ముందు హ్యాష్ పెట్టండి. బ్యాకప్ ఫోల్డర్ అక్కడ గూడా చేయండి. ఇన్‌క్లూడ్ దారి టర్మక్స్‌లో వేరే ఉంటాది, అక్కడ ఆ లైన్ తీసేసినా రంగులు తప్ప ఏమీ పోదు.